పేరు కంటే ముందు

"అమ్మా, పాలు మాడుతున్నాయి."

హైమవతి అప్పుడు పెరట్లో దుప్పటి ఆరేస్తోంది. కూతురు వంటింట్లోనే ఉంది కదా, ఆపేస్తుందిలే అనుకుని రెండో కొస లాగి క్లిప్పు పెట్టింది. మాడు వాసన పెరటి దాకా వచ్చాక గానీ ఆమెకి అనుమానం రాలేదు. తడి చేతులతోనే లోపలికి పరిగెత్తింది.

గిన్నె అడుగు నల్లబడింది. పొంగి కారిన పాలు బర్నరు చుట్టూ అట్టకట్టి పొగలు కక్కుతున్నాయి. స్టవ్‌కి బారెడు దూరంలో స్టూలు మీద కూర్చుని మేదిని కెమిస్ట్రీ వర్క్‌షీట్ పూర్తి చేస్తోంది. పొగ దాని ముఖం మీదుగానే కిటికీలోకి పోతోంది.

"పక్కనే కూర్చుని ఆపలేవుటే?" హైమ నాబ్ తిప్పుతూ కసిరింది.

"చెప్పాను కదమ్మా."

"చెప్తే చాలా? చెయ్యి లేదూ?"

మేదిని తలెత్తి స్టవ్ వంక చూసింది. "అవును కదా, ఆపాల్సింది" అంది, లెక్కలో ఒక మెట్టు రాయడం మర్చిపోయినట్టు. మళ్లీ కాగితం మీదికి వంగింది.

గిన్నెని నీళ్లలో నానబెడుతూ హైమ కూతురినే చూసింది. చిన్నప్పుడు ఈ పిల్లకి ఇంట్లో అందరూ పిల్లిముక్కు అని పేరు పెట్టారు. చేపల బజారు మీదుగా వెళ్లాలంటే తండ్రి భుజంలో ముఖం దాచుకునేది. పెరుగు ఒక పూట ఎక్కువ పులిస్తే కంచం పక్కకి నెట్టేసేది. ఆ పిల్ల ఇవాళ పొగలో కూర్చుని, అడిగితే సమాధానం చెప్పినట్టు, పాలు మాడుతున్నాయని చెప్పింది.

దాని ముక్కు మీద, కళ్ల మధ్యన, రెండు చిన్న గుంటలు పడి ఉన్నాయి. ముక్కెర పెట్టుకోవడం వల్ల పడినవి.

*

ముక్కెర అన్నది మేదిని చదివే జూనియర్ కాలేజీలో పిల్లలు పెట్టుకున్న పేరు. దానికి అసలు పేరు పెద్దది, ఇందుమతికి తప్ప ఎవరికీ నోరు తిరగదు. ఇందుమతి హైమకి ఆడపడుచు. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో వాసనల నాడుల మీద పనిచేసి, అక్కడ తన ఆలోచన ఎవరూ వినడం లేదని కాకినాడ వచ్చేసి, అన్నగారి ఇంటి మేడ మీద గదిలో బల్ల వేసుకుంది.

చూడ్డానికి అది అద్దాల్లేని కళ్లజోడులా ఉంటుంది. ముక్కుకి రెండు పక్కలా రెండు మెత్తలు ఆనుతాయి. దానితో పాటు ఒక కలం, కొన్ని వర్క్‌షీట్లు ఇస్తారు. 'ఈ సాల్ట్‌కి సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడి చేశాను' అన్న గడిలో కలంతో టిక్కు పెట్టగానే మెత్తలు సన్నగా జివ్వుమంటాయి. గదిలో టెస్ట్ ట్యూబూ లేదు, మంటా లేదు, అయినా అమోనియా ఘాటు ముక్కులో నిండుతుంది. ఇంకో గడిలో పెడితే వెనిగర్, ఇంకో దాంట్లో కుళ్లిన గుడ్డు. ఏ సాల్టో కనిపెట్టి రాయాలి. తప్పు రాస్తే మళ్లీ మొదటి నుంచి. పక్కన లెక్చరర్ ఉండనక్కర్లేదు, ల్యాబు తాళం కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

వర్క్‌షీట్లు రాసేది హైమ. ఆమె బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. ఉద్యోగం చేయలేదు గానీ చదివింది మర్చిపోనూ లేదు. ఒక ప్రశ్నకి రెండు సమాధానాలు వచ్చే అవకాశం ఉందనిపిస్తే ఆ వాక్యాన్ని నాలుగు సార్లు తిరగరాసేది. ఇందు నవ్వేది. "వదినా, నువ్వు పోపులో ఆవాలు కూడా వరసలో నిలబెట్టేలా ఉన్నావు."

మొదట్లో పిల్లలకి ముక్కెర పడలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గడి దగ్గరికి రాగానే మేదినే వాంతి చేసుకుంది. కొందరికి తలనొప్పి, కొందరు ముక్కెర తీసి బల్ల మీద కొట్టారు. ఇళ్ల నుంచి ఫోన్లు. అప్పుడు ఇందు రెండు రోజులు గదిలోంచి బయటికి రాకుండా కూర్చుని, మూడో రోజు మెట్ల మీద నుంచే కేకేసింది.

"దొరికింది వదినా! వాసన లోపలికి వెళ్లాక రెండు దార్లు చీలుతుంది. ఒకటి 'ఇదేంటి' అని అడిగే దారి. రెండోది 'జరుగు, జరుగు' అని తరిమే దారి. మనకి మొదటిది చాలు. రెండోది తగ్గించేశా."

ఆ పూట మేదిని వాంతి లేకుండా వర్క్‌షీట్ మొత్తం పూర్తి చేసింది. హైమ సంతోషంగా ఇద్దరికీ మజ్జిగ కలిపి ఇచ్చింది. అదే రోజు ఇందు, వర్క్‌షీట్ల మీద హైమ పై వరసలో రాసిన ఒక వాక్యాన్ని కొట్టేసింది: 'ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, చేత్తో విసురుకుని, దూరం నుంచి వాసన చూడాలి.'

"ఆవిరే లేనప్పుడు చెయ్యి విసరడం దేనికి వదినా?"

నిజమే కదా అనుకుంది హైమ అప్పుడు.

*

పాలు మాడిన మర్నాడు హైమ మూతలున్న స్టీలు గ్లాసులు కొన్ని వరసగా పెట్టి, మేదినిని, ఇందుని పిలిచింది.

"ఏంటి వదినా, పేరంటమా?" అంటూ ఇందు వచ్చి కుర్చీ లాక్కుంది.

"కూర్చో. మేదినీ, ఒక్కోటీ మూత తీసి ఏంటో చెప్పు."

మేదిని మొదటి గ్లాసులో ముక్కు పెట్టింది. "వెనిగర్. ఎసిటేట్." రెండోది, "స్పిరిట్." మూడోది, "పులిసిపోయిన ఇడ్లీ పిండి. దీన్ని వర్క్‌షీట్‌లో అడగరు." నాలుగో గ్లాసు మూత తీసేసరికి గది చివర నిలబడ్డ హైమే ఒక అడుగు వెనక్కి వేసింది. మేదిని గ్లాసులోకి వంగి నిదానంగా పీల్చింది. "కుళ్లిన గుడ్డు. హైడ్రోజన్ సల్ఫైడ్. సల్ఫైడ్ అయాన్." చెప్పాక కూడా ముక్కు అక్కడే ఉంచింది, ఇంకేమైనా అడుగుతారేమోనని.

హైమ వచ్చి ఆ గ్లాసు లాక్కుంది.

"అన్నీ కరెక్టే!" ఇందు చప్పట్లు కొట్టింది. "ముక్కెర లేకుండా, నిజం వాసనలు. గురువారం వచ్చే ప్రభుత్వం బృందానికి ఇదే చూపిద్దాం వదినా, నువ్వు భలే..."

"ఇప్పుడు నువ్వు తియ్యి దీని మూత."

"నాకెందుకు? ఏంటో తెలుసుగా."

"తెలిసే తియ్యి."

ఇందు నవ్వుతూనే మూత ఎత్తింది. ఎత్తీ ఎత్తకముందే మెడ వెనక్కి విరిగింది, చెయ్యి ముక్కు మీదికి వచ్చింది. "ఛీ! పారెయ్ వదినా, ఎన్నాళ్లు దాచావు దీన్ని?"

"చూశావా? తెలిసి కూడా జరిగావు. ముందు మనిషి వెనక్కి జరుగుతుంది, ఆ తరవాత నోట్లోంచి మాట వస్తుంది. ఇది జరగలేదు ఇందూ. నిన్న మంట పక్కన కూర్చుని కూడా జరగలేదు."

ఇందు మూత పెట్టేసి చేతులు తుడుచుకుంది. "తగ్గించమని అడిగిందెవరు? కాలేజీలో తల్లులందరూ. నువ్వు కూడా."

"అడిగాను. ముక్కెర పెట్టుకున్నంతసేపే అనుకున్నాను."

"నేనూ అంతే అనుకున్నా" అంది ఇందు. ఆ మాట మటుకు చాలా మెల్లగా అంది. వెంటనే గొంతు సర్దుకుంది. "చూద్దాంలే. గురువారం బృందం వచ్చి వెళ్లనీ. వాళ్లు సరే అంటే రాష్ట్రమంతా జూనియర్ కాలేజీలకి వెళ్తుంది ఇది. ల్యాబు మొహం చూడని పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలీదా? ఈ నాలుగు రోజులు ఆగు. నీకు తాలింపు మాడినా ప్రళయమే."

"రాష్ట్రమంతానా?" అంది హైమ.

మేదిని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. "అత్తా, నాకేమైనా అయిందా?"

"ఏం కాలేదమ్మా, మీ అమ్మ మాటలు" అంది ఇందు.

"అయితే కాలేజీకి ముక్కెర తీసుకెళ్లొచ్చుగా? ప్రాక్టికల్స్ దగ్గరికొస్తున్నాయి. అందరూ పెట్టుకుంటుంటే నేనొక్కదాన్నీ చేతులు కట్టుకుని కూర్చోనా?"

హైమ గ్లాసుల మూతలు ఒక్కోటీ బిగించింది. ఆ పిల్ల మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ అంటే ఏడ్చేది. ఇప్పుడు తనంతట తనే పేజీల మీద పేజీలు చేస్తోంది. తల్లికి కావలసింది అదే కదా. అలాగే వెళ్లనిచ్చింది. వెళ్లనిచ్చాక రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. గ్లాసులన్నీ బూడిదతో రెండేసి సార్లు తోమింది.

*

కాలేజీ చేపల రేవుకి దగ్గర్లో ఉంది. పడమటి గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ. రేవుకి వచ్చే సరుకంతటికీ ఐసు అక్కణ్ణుంచే. బుధవారం పొద్దున హైమ, కొత్త వర్క్‌షీట్లు ఇచ్చే వంక పెట్టుకుని కెమిస్ట్రీ లెక్చరర్ నరసింహరాజు గారిని కలవడానికి వెళ్లింది.

"రండి రండి హైమగారూ. ఒకసారి ఇలా తొంగి చూడండి" అంటూ ఆయన హాలు తలుపు సగం తెరిచారు. లోపల పిల్లలు వరసలుగా కూర్చుని, ముక్కుల మీద ముక్కెరలతో, తల దించుకుని రాసుకుంటున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. "సొంత సాధన గంటండి. నేను లేకపోయినా ఇలాగే ఉంటారు. ఒకప్పుడు సాల్ట్ ఎనాలిసిస్ అంటే పరీక్షకి ముందు ఒక్క వారం హడావుడి. సగం మంది పక్కవాడి ట్యూబు చూసి రాసేవోరు. ఇప్పుడు చూడండి."

హైమ చూసింది. మేదిని మూడో వరసలో, గోడ పక్కన ఉంది. అంత నిశ్శబ్దంగా చదువుకుంటున్న పిల్లల్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆమె మటుకు తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

వరండాలోకి వచ్చాక మాడిన పాల సంగతి, గ్లాసుల సంగతి చెప్పింది. రాజుగారు శ్రద్ధగానే విన్నారు.

"అదేంటండీ, వాసనకి బెదరకపోవడం మంచిదే కదండీ. ల్యాబులో చేతులొణికి ట్యూబులు పడేసేవోరు ఆడపిల్లలూ మగపిల్లలూ కూడా."

"చెయ్యి వణకడం వేరండీ, కాలు కదలకపోవడం వేరు."

"రేపు బృందం వెళ్లిపోయాక ఇందుమతి గారితో కూర్చుందాం. సరేనా అండి? ఆఫీసులో ఫోను మోగుతోంది, ఇప్పుడే వస్తా" అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.

హైమ వరండా స్తంభం దగ్గర నిలబడింది. ఇంటికి వెళ్లాలి, కూర తరగాలి. వెళ్లబుద్ధి కాలేదు. పడమటి గోడ అవతల ఏదో ఇనప మోత, తరవాత ఈల వేసినట్టు ఆగకుండా ఒక చప్పుడు. ఆమె అటు తిరిగేలోపు ఎవరో ముఖం మీద గుప్పెడు సూదులు చల్లినట్టయింది. రెండు అడుగులు వెనక్కి వేసి, స్తంభానికి గుద్దుకుని, కళ్లు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది అది అమోనియా అని.

గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. "ఎలిపోండమ్మా, ఎలిపోండి! ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు గొట్టం పగిలిపోయిందంట!"

హైమ హాల్లోకి దూరింది.

పడమటి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. లోపల గాలి అప్పటికే ఘాటుగా ఉంది. పిల్లల కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. దగ్గుతున్నారు. దగ్గుతూనే రాస్తున్నారు. ఒకడు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ కలం పట్టుకున్నాడు.

"లేవండి! బయటికి పదండి!"

తలలు లేచాయి. ఎవరూ లేవలేదు. కిటికీ పక్కన కూర్చున్న కుసుమ అనే అమ్మాయి చెయ్యెత్తింది. దాని పెదాలు వాచినట్టున్నాయి. "ఆంటీ," దగ్గు ఆగే దాకా ఆగింది, "ఇవాళ అందరికీ ఒకటే సాల్ట్ ఇచ్చారా?"

"ఇది పరీక్ష కాదమ్మా! నిజం గ్యాసు! ముక్కెరలు తియ్యండి!"

కొందరు తీశారు. తీసి చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. "తీసినా పోవట్లేదే" అన్నాడు ఒకడు. "చార్జింగ్ ఎక్కువైందేమో" అని ఇంకొకడు. మేదిని తన కాగితం పూర్తి చేసి, అలవాటుగా రెండోసారి సరిచూసుకుంటోంది. హైమ వెళ్లి రెక్క పట్టుకుని లేపితే లేచింది. వదిలేస్తే మళ్లీ కూర్చుంది. "అమ్మా, ఇంకా టైముంది" అంది, కళ్లు ఎర్రగా, చెంపలు తడిగా.

ఒక్కదాన్ని ఈడ్చుకెళ్లచ్చు. మిగతా వాళ్లు? అరిచి లాభం లేదు. వీళ్ల చెవులు బాగానే ఉన్నాయి, కాళ్లకే ఎవరూ చెప్పడం లేదు. ఈ గదిలో వీళ్లు దేనికి కదులుతారు? హైమకి గొంతు మండుతోంది. కొంగు ముక్కుకి అదిమి పట్టి, నల్లబల్ల దగ్గరికి వెళ్లి, డస్టరుతో బల్ల మీద గట్టిగా కొట్టింది.

"ప్రశ్న! అమోనియా నీళ్లలో కరుగుతుందా?"

"కరుగుతుంది ఆంటీ, చాలా ఎక్కువగా." నాలుగైదు గొంతులు ఒక్కసారే అన్నాయి.

"అయితే ముక్కు దగ్గరికి రాకుండా ఆపాలంటే?"

కలాలు ఆగాయి. తరవాత వెనక వరసలోంచి ఒక కుర్రాడు, "తడిగుడ్డ అడ్డం పెడితే చాలావరకు గుడ్డలోనే కరుగుతుంది."

"తడపండి! చున్నీలు, రుమాళ్లు, ఏముంటే అవి. బాటిల్ నీళ్లు పోసుకోండి. పెట్టుకున్నారా? రెండో ప్రశ్న. గాలి పడమర నుంచి తూర్పుకి వస్తోంది. గ్యాసు ఎటు వెళ్తుంది?"

"తూర్పుకి."

"మీరు తూర్పుకి పరిగెడితే?"

"మనతో పాటే వస్తుంది." ఈసారి జవాబు గుడ్డల్లోంచి వచ్చింది.

"పడమరకి?"

"దానికి ఎదురెళ్తాం."

"అయితే ఎటు వెళ్లాలి?"

"అడ్డంగా అమ్మా. ఉత్తరానికి గానీ దక్షిణానికి గానీ." చెప్పింది మేదిని. చెప్పి, మొదటిసారి తనంతట తను లేచి నిలబడింది.

"ఉత్తరం గేటు. వరసగా, పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని. చేసి చూపించండి."

పిల్లలు లేచారు. తొక్కుకోలేదు, అరవలేదు. తడిగుడ్డలు ముఖాలకి అదుముకుని చేతులు పట్టుకుని నడిచారు, ప్రయోగం చేస్తున్నట్టే. తడబడుతున్న కుసుమని హైమ నడుం పట్టుకుని నడిపించింది. ఉత్తరం గేటు దాటి, బియ్యం గోదాముల వెనక సందులోకి వచ్చాక, గాలి శుభ్రపడ్డాక, మేదిని ముఖం మీద గుడ్డ తీసి తల్లిని అడిగింది.

"అమ్మా, అది నిజంగానే నిజమా?"

*

పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రానికి చాలామందిని ఇళ్లకి పంపేశారు. కుసుమని మటుకు ఆక్సిజన్ మీద ఉంచారు. కిటికీ పక్కనే కూర్చుంది కదా, ఎక్కువ పీల్చింది. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు ఎప్పటికి మామూలవుతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ అమ్మాయి తల్లి మంచం పక్కన నిలబడి వచ్చిన వాళ్లందరినీ ఒకటే అడుగుతోంది: "వాసనొచ్చింది కదా, మరి కూర్చునే ఉందేంటండి?"

ఇందు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ గొట్టం మూసేశాక కాలేజీకి వెళ్లి హాల్లోంచి కాగితాలన్నీ తెచ్చింది. హైమ పక్కన కూర్చోగానే వాటిని ఒళ్లోంచి తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"అందరూ అమ్మోనియం అనే రాశారు వదినా. ఒక్కరు కూడా తప్పు రాయలేదు."

హైమ పై కాగితం చూసింది. కుసుమది. చివరి అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. అక్కడక్కడ తడి చుక్కలు ఎండిన మచ్చలు.

"బృందం ఆయన ఫోన్ చేశాడు" అంది ఇందు. "ఏమన్నాడో తెలుసా? పిల్లలు గ్యాసుని అంత కచ్చితంగా కనిపెట్టడం మీ పరికరం గొప్పతనమే కదా మేడమ్ అన్నాడు. రేపు కాకపోతే వచ్చేవారం వస్తామన్నాడు."

"నువ్వేమన్నావు?"

"రావద్దన్నా." ఇందు ముఖం చేతుల్లో పెట్టుకుంది. "నాలుగు రోజులు ఆగమన్నాను కదూ నిన్ను."

హైమ ఓదార్చలేదు. కోపం లేకపోలేదు. కానీ ఆమె కళ్లు లోపల మంచం మీద పడుకుని దగ్గుతున్న మేదిని మీద ఉన్నాయి. పక్క మంచం దగ్గర ఆయా ఫినాయిల్ వేసి నేల తుడుస్తోంది. మేదిని అటు తిరిగి కూడా చూడలేదు.

"ఆ రెండో దారి మళ్లీ తెరవచ్చా ఇందూ?"

"మధ్యాహ్నం నా మీద నేనే చూసుకున్నా. మెత్తల్లో తెరవడం ఎంతసేపు? కానీ ఈ పిల్లలకి అది పనిచేయదు. ఇన్ని నెలలు ఘాటు తగిలిన ప్రతిసారీ కుర్చీలో కూర్చుని జవాబు రాశారు. ఏమీ కాలేదు. వాసన అంటే ప్రశ్న అని ఒళ్లు నేర్చుకుంది. నేను ఇంకో ముక్కెర పెడితే ఇంకో ప్రశ్న అనుకుంటుంది."

"అయితే ప్రశ్న లేని వాసన కావాలి" అంది హైమ.

*

ఆ వారమే హైమ కొత్త వర్క్‌షీట్ రాసింది. ఇందు మేడ మీద నుంచి దిగివచ్చి, భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యం చదివి, ఏ వాక్యం పిల్లలచేత పేరు చెప్పించేలా ఉందో వేలితో చూపించేది. హైమ దాన్ని కొట్టేసి మళ్లీ రాసేది. పిల్లలు ఇంట్లోనే, ఎవరి వంటింట్లో వాళ్లు, తమంతట తాము చేసుకోవాలి. పై వరసలో ఆ పాత వాక్యం తిరిగి వచ్చింది, చెయ్యి విసురుకుని చూడమనేది. దాని కింద ఒకే ఒక్క సూచన: 'ఏమి వాసనో రాయవద్దు. దాని వైపు నడుస్తూ ఎక్కడ ఆగిపోయావో అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి.'

తల్లులు పులిసినవీ, కుళ్లినవీ, మాడినవీ దాచిపెట్టాలి, పిల్లలకి చెప్పకుండా. కుసుమ తల్లి మొదట కాగితం విసిరికొట్టింది. రెండు రోజుల తరవాత తనే వచ్చి తీసుకెళ్లింది.

పేరు రాయకుండా ఉండటం పిల్లలకి చేతకాలేదు. ఫోన్లు చేసేవారు. "ఆంటీ, అది ఎండుచేప. రాయొద్దంటే ఎలా ఆంటీ?" గీతలన్నీ గిన్నెల అంచుకి ఆనుకునే ఉండేవి.

మేదిని ఇంకో రకంగా చేసింది. గ్లాసు మూత తీసి, వాసన చూసి, తల్లి ముఖం చూసి, "ఛీ" అనేది. మొదటిసారి హైమకి ప్రాణం లేచొచ్చింది. రెండోసారి గమనించింది. మాట వచ్చాక మెడ వెనక్కి వెళ్తోంది. పిల్ల అమ్మ కోసం అంటోంది.

"నా కోసం అనక్కర్లేదే" అంది హైమ.

మేదిని గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నువ్వు రోజూ అలా చూస్తుంటే ఏం చెయ్యనమ్మా? నాకు రావట్లేదు. బాగాలేదని తెలుస్తోంది, పేరు కూడా తెలుస్తోంది. కానీ..." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఇక్కడేం అవట్లేదు."

ఆ రోజు నుంచి హైమ గ్లాసులు పెట్టడం మానేసింది. పెట్టడం మానేసినా చూడటం మానలేకపోయింది. పిల్ల స్నానానికి వెళ్తే గీజరు దగ్గర, కాలేజీకి వెళ్తే సందు మలుపు దాకా. రాత్రి పడుకునే ముందు గ్యాసు నాబ్ రెండుసార్లు తాకి చూసేది. పక్కింట్లో ఎవరైనా చెత్త తగలబెడితే మేదిని గదిలోకి తొంగిచూసేది. అక్కడ పిల్ల పొగలో కూర్చుని ప్రాక్టికల్స్‌కి చదువుకుంటూ ఉండేది.

ప్రాక్టికల్స్‌లో మేదినికి అమ్మోనియం సాల్టే వచ్చింది. కరెక్టుగా రాసింది. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ సంతోషంగా చెప్పలేదు.

పరీక్షలు అయిపోయిన వారానికి, ఒక మధ్యాహ్నం హైమ పప్పు కలుపుతోంది. మేదిని మంచినీళ్లకని వంటింటి వైపు వచ్చింది. హైమ వెనక్కి తిరగలేదు. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోవడం మటుకు విన్నది.

తిరిగి చూస్తే, మేదిని ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉంది. లోపల పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకుంది. అరచెయ్యి ముక్కు మీద ఉంది. ముఖం ముడుచుకుని, చిన్నప్పుడు చేపల బజారులో ఉన్నట్టు ఉంది.

"అమ్మా, అక్కడేదో ఉంది."

"ఏముంది?" అనబోయి హైమ ఆపుకుంది. గాలి పీల్చింది. పప్పు, ఇంగువ, కొత్తిమీర. తనకి ఇంకేమీ తగల్లేదు.

"ఏంటో తెలీట్లేదు" అంది మేదిని. గొంతులో భయం, చిరాకు రెండూ ఉన్నాయి. "తెలీట్లేదమ్మా, నువ్వు ముందు ఇవతలకి రా!"

ఆ సాయంత్రం ఉల్లిపాయల బుట్ట అడుగున, తొక్క చెక్కుచెదరకుండా లోపల నీరైపోయిన బంగాళాదుంప ఒకటి దొరికింది. కానీ అది సాయంత్రం మాట. అప్పుడు హైమ స్టవ్ ఆపేసింది. గరిట చేత్తోనే పట్టుకుని, ఏమీ అడక్కుండా, గబగబా గుమ్మం దాటి వచ్చి కూతురి పక్కన నిలబడింది.